గ్యాస్ నింపించేముందు... ఒక్క నిమిషం!

తలుపు తీస్తే లైటు వెలుగుతోంది. వెనక మోటారు ఆగకుండా తిరుగుతోంది. అయినా సీసాలో నీళ్లు చల్లబడవు. నిన్నటి పెరుగు ఇవాళ నోట్లో పెట్టలేనంత పుల్లగా ఉంటుంది. మెకానిక్ వస్తాడు. ఫ్రీజర్‌లో చెయ్యిపెట్టి చూస్తాడు. ‘గ్యాస్ అయిపోయింది మేడమ్... నింపాలె’ అంటాడు. వేసవి వచ్చిందంటే దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ఇళ్లలో తరచూ వినిపించే మాటే ఇది. ఇంతకీ ఫ్రిజ్‌లో గ్యాస్ నిజంగా అయిపోతుందా?

అయిపోదు!

వంటగ్యాస్ వెలిగిస్తే ఖర్చవుతుంది. బండిలో పెట్రోలు తిరిగేకొద్దీ తగ్గుతుంది. ఫ్రిజ్‌లో గ్యాస్ అలా కాదు. అది ఒంట్లో రక్తం లాంటిది. మూసేసిన గొట్టాల్లో తిరిగిందే తిరుగుతూ ఉంటుంది. పదేళ్లయినా, ఇరవయ్యేళ్లయినా గొట్టానికి చిల్లు పడనంతవరకూ ఒక్క గ్రాము కూడా తగ్గదు. తగ్గిందంటే ఎక్కడో కారిపోతున్నట్టే. ఆ చిల్లు సంగతి తేల్చకుండా గ్యాస్ నింపడమంటే పగిలిన బిందెలో నీళ్లు పోయడమే. నాలుగు రోజులో నాలుగు నెలలో చల్లగా ఉంటుంది... తర్వాత మళ్లీ మొదటికే!

ఇంకో సంగతి. ఫ్రిజ్ చల్లబడకపోవడానికి కారణాలు చాలానే ఉంటాయి. అందులో గ్యాస్ లీకు ఒకటి మాత్రమే. మిగిలిన వాటిలో చాలావరకూ గొట్టాలు కోయాల్సిన పనిలేనివి. కొన్నిటికైతే మెకానిక్ అవసరమే ఉండదు.

కుండలో కిటుకే... ఫ్రిజ్‌లోనూ!

కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయి? మట్టి రంధ్రాల్లోంచి బయటికి ఊరిన చెమ్మ ఆవిరైపోతూ కుండలోని వేడిని తనతో తీసుకుపోతుంది కాబట్టి. ఫ్రిజ్ చేసేదీ ఇదే. కాకపోతే ఇక్కడ ఆవిరయ్యేది నీరు కాదు, చాలా తక్కువ ఉష్ణోగ్రత దగ్గరే మరిగిపోయే ఓ ద్రవం. ఫ్రీజర్ గోడల్లోని గొట్టాల్లో అది ఆవిరవుతూ లోపలి వేడిని పీల్చుకుంటుంది. వెనక నల్లగా, గుండ్రంగా ఉండే కంప్రెసర్ ఆ ఆవిరిని ఒత్తి, వేడి చేసి కండెన్సర్ గొట్టాల్లోకి తోస్తుంది. అక్కడ వేడిని గదిలోకి వదిలేసి ఆవిరి మళ్లీ ద్రవమవుతుంది. డ్రయర్ అనే చిన్న జల్లెడ దాటి, చాలా సన్నటి రంధ్రమున్న క్యాపిలరీ గొట్టంలోంచి తిరిగి ఫ్రీజర్‌లోకి చేరుతుంది. అంతే, ఇదే చక్రం పగలూ రాత్రీ.

అంటే ఫ్రిజ్ చల్లదనాన్ని తయారుచేయదు. లోపలి వేడిని మోసుకొచ్చి గదిలో పారబోస్తుంది. ఆ పారబోసే దారి మూసుకుపోతే గ్యాస్ నిండా ఉన్నా లోపల చల్లబడదు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌ల కథంతా ఇక్కడే ఉంది.

మెట్రో కింద వేడి... రోడ్డుమీద దుమ్ము

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే ఎల్బీనగర్‌కి మధ్యలో రెండే స్టేషన్లు... చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్. 2018 సెప్టెంబరులో ఈ మార్గం మొదలైంది. కింద విజయవాడ జాతీయ రహదారి. దానికి అటూఇటూ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, దుకాణాలు. వెనక వీధుల్లో అపార్టుమెంట్లు, అద్దె పోర్షన్లు, డాబాల మీద రేకుల గదులు. ఈ పరిసరాలే ఇక్కడి ఫ్రిజ్‌లకు మూడు పరీక్షలు పెడతాయి.

మొదటిది వేడి. ఫ్రిజ్ వెనకో లోపలో అతికించిన పట్టీ మీద ‘క్లైమేట్ క్లాస్’ అని ఒకటుంటుంది. మన దగ్గర సాధారణంగా కనిపించేది ‘టి’ రకం. గదిలో 43 డిగ్రీల వరకూ వేడి ఉన్నా సరిగా పనిచేసేలా తయారుచేశారని దానర్థం. మే నెల మధ్యాహ్నం బయట 40 దాటితే రేకుల కింద గది ఇంకెంత కాగిపోతుందో అక్కడ ఉండేవాళ్లకే తెలుసు. అలాంటిచోట కొత్త ఫ్రిజ్ అయినా ఆపసోపాలు పడుతుంది. అది ఫ్రిజ్ జబ్బు కాదు, గది జబ్బు. ఫ్రిజ్‌ను ఎండ తగలని గోడ వైపు జరపడం, పొయ్యికి దూరంగా పెట్టడం, మధ్యాహ్నం గదిలోకి గాలి ఆడేలా చూడటం... ఇవే దానికి మందు.

రెండోది దుమ్ము. పెద్ద రోడ్డు పక్క ఇళ్లలో వెనక జాలీకి దుమ్ము దుప్పటిలా పట్టేస్తుంది. దానికి వంటింటి నూనె జిడ్డు తోడైతే చెప్పక్కర్లేదు. వేడి బయటికి పోదు, కంప్రెసర్ ఆగదు, కరెంటు బిల్లు పెరుగుతుంది. ప్లగ్గు తీసేసి మెత్తటి బ్రష్షుతో జాలీని శుభ్రం చేస్తే చాలు. చాలా కొత్త మోడళ్లలో వెనక జాలీ కనిపించదు. గొట్టాలు పక్క గోడల్లోనే దాగి ఉంటాయి. అందుకే అవి ముట్టుకుంటే వెచ్చగా ఉంటాయి. అలాంటి ఫ్రిజ్‌ను రెండువైపులా బీరువాల మధ్య ఇరికిస్తే ఊపిరాడకుండా చేసినట్టే. పక్కలా, వెనకా కంపెనీ పుస్తకంలో చెప్పినంత ఖాళీ వదలాలి.

మూడోది ఇళ్లు మారడం. అద్దె ఇళ్లు ఎక్కువున్నచోట ఏడాదికో రెండేళ్లకో సామాను ట్రాలీ ఆటో ఎక్కుతుంది. చోటు చాలక ఫ్రిజ్‌ను పడుకోబెడతారు. అప్పుడు కంప్రెసర్‌లోని నూనె గొట్టాల్లోకి జారుతుంది. దించీదించగానే స్విచ్చేస్తే కంప్రెసర్‌కి ముప్పు. నిలబెట్టి కొన్ని గంటలు... వీలైతే రాత్రంతా వదిలేసి ఆ తర్వాతే ఆన్ చేయాలి.

ఇంట్లోనే చేసుకునే పరీక్షలు

మెకానిక్‌కి ఫోన్ చేసేముందు పావుగంట కేటాయిస్తే చాలు.

నంబరు చూడండి: లోపలి మీటమీద 1 నుంచి 5 దాకానో 7 దాకానో అంకెలుంటాయి. అంకె పెరిగితే చల్లదనం పెరుగుతుంది. చలికాలంలో తగ్గించి, వేసవిలో పెంచడం మర్చిపోయే ఇళ్లు కొల్లలు. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లలో మీట మధ్య మంచు కరిగించే బొత్తాం ఉంటుంది. అది చెయ్యి తగిలి నొక్కుకుపోయినా మంచు కరిగేదాకా కంప్రెసర్ పనిచేయదు.

నోటు పెట్టండి: తలుపు సందులో పది రూపాయల నోటు పెట్టి మూయండి. లాగితే బిగువుగా రావాలి. అలవోకగా జారి వచ్చేస్తే తలుపు చుట్టూ ఉండే రబ్బరు, అదే గాస్కెట్ వదులైనట్టు. నాలుగువైపులా ఇలాగే చూడాలి. జిడ్డు పట్టి ఉంటే సబ్బునీళ్లతో తుడిస్తే మళ్లీ అతుక్కోవచ్చు. చిరిగితే మార్చాల్సిందే.

బొత్తాం నొక్కండి: తలుపు మూసినా లోపల లైటు వెలుగుతూనే ఉంటే ఆ వేడి చాలు చల్లదనాన్ని తినేయడానికి. తలుపు దగ్గరి చిన్న బొత్తాన్ని వేలితో నొక్కండి. లైటు ఆరాలి.

చెవి పెట్టండి: కంప్రెసర్ ‘గుర్ర్’మని మొదలై, కాసేపటికే ‘టక్’మని ఆగి, కొన్ని నిమిషాలకు మళ్లీ అదే పని చేస్తోందా? గ్యాస్‌కీ దానికీ సాధారణంగా సంబంధం ఉండదు. స్టార్టింగ్ రిలే, ఓవర్‌లోడ్, కెపాసిటర్... వీటిలో ఏదో పోయి ఉండవచ్చు. లేదా ఓల్టేజీ చాలకపోవచ్చు. మన ఇళ్లకు రావాల్సింది 230 ఓల్టులు. వేసవి రాత్రి వీధంతా ఏసీలు వేసుకుంటే అది పడిపోతుంటుంది. ఇరుగుపొరుగు ఇళ్లలోనూ లైట్లు మసకబారుతుంటే ఫోన్ చేయాల్సింది మెకానిక్‌కి కాదు, కరెంటు ఆఫీసు వారి 1912కి.

నీళ్లగ్లాసు పెట్టండి: గ్లాసుడు నీళ్లలో థర్మామీటరు ఉంచి మధ్య అరలో రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే తలుపు తీయగానే చూస్తే 5 డిగ్రీల లోపు ఉండాలి. జ్వరం చూసే థర్మామీటరు దీనికి పనికిరాదు. అది అంత తక్కువ ఉష్ణోగ్రతలను చూపించదు.

పైన గడ్డ... కింద వేడి!

రెండు తలుపుల ఫ్రిజ్‌లు, అంటే ఫ్రాస్ట్‌ఫ్రీ రకానికి వేరే చిక్కుంది. పైన ఐస్ బాగానే గడ్డకడుతుంది. కింద మాత్రం కూరగాయలు వాడిపోతుంటాయి. ఇక్కడ చల్లదనం పుట్టేది ఒక్కచోటే. ఫ్రీజర్ వెనకున్న గొట్టాల దగ్గర. అక్కడి నుంచి ఓ చిన్న ఫ్యాను చల్లగాలిని కింది అరల్లోకి పంపుతుంది. ఫ్యాను ఆగినా, గాలి వచ్చే రంధ్రాలకు అడ్డంగా గిన్నెలు పెట్టినా కింద చల్లబడదు.

అన్నిటికన్నా తికమకపెట్టేది మంచు. గొట్టాల చుట్టూ పేరుకునే మంచును రోజులో కొన్నిసార్లు ఓ హీటరు కరిగిస్తుంటుంది. ఆ హీటరో, దాన్ని నడిపే టైమరో, సెన్సరో, ఫ్యూజో పాడైతే మంచు గోడలా పెరిగి గాలి దారి మూసేస్తుంది. అప్పుడు లోపలంతా చల్లదనం తగ్గిపోతుంది. చూసేవాళ్లకి అచ్చం గ్యాస్ పోయినట్టే ఉంటుంది!

దీన్ని కనిపెట్టే ఉపాయం ఒకటుంది. సామాను తీసేసి, ప్లగ్గు పీకి, తలుపులు తెరిచి ఒక రోజంతా వదిలేయండి. కింద నీళ్లు కారతాయి కాబట్టి పాతబట్టలు వేసుకోవాలి. తర్వాత ఆన్ చేస్తే చక్కగా చల్లబడి, కొన్ని రోజులకు మళ్లీ మొరాయించిందా... దోషం మంచు కరిగించే భాగాల్లో ఉందని దాదాపు తేలినట్టే. లీకైపోయిన గ్యాస్ ఒక రోజు విశ్రాంతితో తిరిగిరాదు కదా! ఈ సంగతి మెకానిక్‌కి ముందే చెబితే వెతుకులాట సగం తగ్గుతుంది.

సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో మంచును కత్తితోనో, స్క్రూడ్రైవరుతోనో పొడవడం అసలు చేయకూడని పని. ఫ్రీజర్ గోడ పలుచటి అల్యూమినియం రేకు. గొట్టాలు అందులోనే ఉంటాయి. చిన్న గాటు పడితే ‘స్స్’మంటూ గ్యాస్ మొత్తం పోతుంది. చేజేతులా తెచ్చుకునే లీకు అది.

ఆల్విన్ నుంచి ఐసోబ్యూటేన్ దాకా

హైదరాబాదీలకు ఫ్రిజ్ అంటే ఒకప్పుడు ఆల్విన్. నిజాం ప్రభుత్వ భాగస్వామ్యంతో 1942లో ఇక్కడే పుట్టిన ఆ సంస్థ బస్సులు, గడియారాలతోపాటు ఫ్రిజ్‌లూ తయారుచేసింది. 1990ల్లో దాని ఫ్రిజ్‌ల వ్యాపారం వోల్టాస్ చేతికి వెళ్లింది. ఆ కాలం ఫ్రిజ్‌లలో తిరిగింది ‘ఆర్-12’ అనే గ్యాస్. అంటుకోదు, విషం కాదు. ఆకాశంలోకి చేరితే మాత్రం ఓజోన్ పొరను తినేస్తుంది. అందుకే 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం దాన్ని పక్కన పెట్టించింది. మన దేశంలోనూ 2010 నాటికి దాని వాడకానికి తెరపడింది.

తర్వాత వచ్చింది ఆర్-134ఎ. ఓజోన్‌కి హాని చేయదు కానీ భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్‌ కన్నా వెయ్యి రెట్లకు పైగా ఘాటు. దీని వాడకాన్నీ క్రమంగా తగ్గించాలని 2016లో కిగాలీలో దేశాలు ఒప్పుకున్నాయి. ఇప్పుడు కొత్త ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఉంటున్నది ఆర్-600ఎ... అంటే ఐసోబ్యూటేన్. ఓజోన్‌కీ, వాతావరణానికీ దాదాపు హాని లేనిది. కానీ మన వంటగ్యాస్‌కి దగ్గరి చుట్టం. నిప్పు తగిలితే అంటుకుంటుంది!

ఒక ఫ్రిజ్‌లో ఉండేది కొన్ని పదుల గ్రాములే. మూసిన గొట్టాల్లో ఉన్నంతకాలం భయం లేదు. ప్రమాదమంతా రిపేరప్పుడే. గ్యాస్ పూర్తిగా బయటికి పంపకుండా, కిటికీలు తెరవకుండా ఇరుకు వంటింట్లో గొట్టానికి మంట పెట్టి అతికిస్తే ఇంటివాళ్లకూ మెకానిక్‌కూ కూడా ప్రాణాల మీదికి వస్తుంది. అందుకే ఫ్రిజ్ వెనక పట్టీ మీద ఏ గ్యాస్ రాసుంది, ఎన్ని గ్రాములని రాసుంది... ముందు చూడాల్సింది అది. ఏ ఫ్రిజ్‌కి ఆ గ్యాసే వాడాలి. ఒకదాని బదులు ఇంకొకటి నింపడం కంప్రెసర్‌కి చేటు.

ఈ పని చేతివాటంగా వచ్చేది కాదు. ఐటీఐలలో ఫ్రిజ్‌లు, ఏసీల మెకానిక్ కోర్సు రెండేళ్లు చదవాలి. 2019లో కేంద్రం ప్రకటించిన ‘ఇండియా కూలింగ్ యాక్షన్ ప్లాన్’ కూడా లక్షమంది సర్వీసింగ్ టెక్నీషియన్లకు శిక్షణ, సర్టిఫికెట్ ఇవ్వడాన్ని లక్ష్యంగా పెట్టుకుంది. పని తెలిసిన మెకానిక్ అడిగిన డబ్బుకి బేరమాడేముందు ఈ విషయం గుర్తుంచుకోవాలి.

నిజంగా గ్యాసే పోతే...

పోతుంది కూడా. తుప్పు పట్టిన గొట్టాల్లోంచో, ఫ్రీజర్ గాటులోంచో, ఎప్పుడో అతికించినచోటి నుంచో కొద్దికొద్దిగా కారుతుంది. సింగిల్ డోర్ ఫ్రీజర్‌లో ఒక మూలే మంచు పట్టి మిగతాది పొడిగా ఉండటం, కంప్రెసర్ గంటలకొద్దీ ఆగకుండా తిరగడం, వెచ్చగా ఉండాల్సిన జాలీ చల్లగా ఉండిపోవడం... ఇవి లీకు గుర్తులు. క్యాపిలరీ గొట్టం పూడుకుపోయినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. తేల్చాల్సింది మెకానికే. కాకపోతే అప్పుడు అడగాల్సిన ప్రశ్నలు ఇంటివాళ్ల దగ్గరుండాలి.

లీకు ఎక్కడ? చూపించి, అతికించి, ఒత్తిడి పెట్టి పరీక్షించాకే గ్యాస్.

డ్రయర్ మారుస్తున్నారా? గొట్టాలు తెరిచిన ప్రతిసారీ కొత్తది వేయాలి.

వాక్యూమ్ పంపు తెచ్చారా? గొట్టాల్లోని గాలి, చెమ్మ పూర్తిగా లాగేయకపోతే ఆ చెమ్మే క్యాపిలరీలో మంచై అడ్డుపడుతుంది.

తూకం వేస్తున్నారా? పట్టీ మీద రాసిన గ్రాముల లెక్క ప్రకారమే నింపాలి. ఎక్కువైనా చల్లబడదు.

బిల్లులో ఏం రాస్తున్నారు? మార్చిన భాగం పేరు, గ్యాస్ రకం, వారంటీ ఎన్నాళ్లు... అన్నీ రాయించుకోవాలి. తీసిన పాత భాగం అడిగి పుచ్చుకోవాలి.

ఎవరిని పిలవాలన్నదీ ముఖ్యమే. నెట్‌లో కంపెనీ పేరు, పక్కన పేట పేరు కొడితే మొదట వచ్చే నంబరు ఆ కంపెనీదే కావాలని లేదు. అసలు నంబరు ఫ్రిజ్ పట్టీ మీదో, కొన్నప్పటి పుస్తకంలోనో, కంపెనీ సొంత వెబ్‌సైట్లోనో ఉంటుంది. వారంటీ కార్డూ ఓసారి బయటికి తీయండి. కంప్రెసర్‌కి పదేళ్ల వారంటీ ఇచ్చే మోడళ్లున్నాయి. అది తెలియక కొత్తది కొనిపించుకుంటే నష్టం మనకే. మోసపోయామనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల రూపాయల లోపు వ్యవహారానికి ఫిర్యాదు ఫీజు కూడా లేదు.

చల్లదనం అంటే సుఖమే కాదు

చల్లటి నీళ్లు లేకపోతే ఓర్చుకోవచ్చు. కానీ ఆ అరల్లో ఉండేవి నీళ్లే కాదు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య ఆహారంలో సూక్ష్మజీవులు జోరుగా పెరుగుతాయి. లైటు వెలుగుతోంది కదా అని నమ్మి, 15 డిగ్రీల్లో రెండు రోజులున్న కూరను పిల్లలకు వేడిచేసి పెడితే ఆస్పత్రి పాలవ్వచ్చు. వాసన చూసి అన్నీ కనిపెట్టలేం.

మధుమేహం ఉన్న ఇళ్లలో ఇది మరీ పెద్ద విషయం. తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఎక్కువ వేడి తగిలితే మందు బలం తగ్గుతుంది. గడ్డకడితే పనికిరాదు. అందుకే ఫ్రీజర్‌కి ఆనించి పెట్టకూడదు. ఫ్రిజ్ మొరాయించిన రోజు ముందు కాపాడాల్సింది పచ్చళ్లు కాదు, దాన్ని. పక్కింటి ఫ్రిజ్‌లోకి మార్చడం ఉత్తమం. అదీ కుదరకపోతే నీడలో తడి ఇసుకలో ఉంచిన మట్టికుండ కొంత ఆదుకుంటుంది. ఆ తర్వాత ఆ మందు వాడొచ్చా లేదా అన్నది డాక్టర్‌ని అడగాలి. కరెంటు పోయినప్పుడైతే తలుపు తీయకుండా ఉంచితే సుమారు 4 గంటలు లోపలి చల్లదనం నిలుస్తుంది.

వరదనీళ్లు తాకితే...

2020 అక్టోబరు 13 రాత్రిని సరూర్‌నగర్ చుట్టుపక్కల కాలనీలు మర్చిపోలేవు. కుండపోత వానకు చెరువులు పొంగి ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. నేలమీది సామానంతా మునిగింది. ఫ్రిజ్‌లో కంప్రెసర్, రిలే ఉండేది అడుగునే. కాబట్టి మోకాలిలోతు నీళ్లు చాలు వాటిని ముంచడానికి. అలా తడిసిన ఫ్రిజ్‌ను ‘పనిచేస్తుందేమో’ అని స్విచ్చేసి చూడటం ప్రాణాంతకం. మెయిన్ ఆపి, ప్లగ్గు తీసి, బాగా ఆరనిచ్చి, ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్, మెకానిక్‌తో వైరింగ్ చూపించాకే ముట్టుకోవాలి. గోడల్లోని నురుగు పొరలోకి మురుగునీరు దిగితే మాత్రం అది మళ్లీ పాతఫ్రిజ్ కాలేదు. వదిలేయడమే మేలు.

బాగుచేయాలా... మార్చాలా?

రిలే, గాస్కెట్, థర్మోస్టాట్, ఫ్యాను, మంచు కరిగించే హీటరు... ఇవి పోతే ఫ్రిజ్ ఎంత పాతదైనా బాగుచేయించుకోవడమే లాభం. ఫ్రీజర్ రేకు తుప్పుపట్టి పలుచోట్ల కారుతున్నా, గోడల లోపల దాగిన గొట్టంలో చిల్లుపడినా, పాత ఫ్రిజ్‌లో కంప్రెసర్ కాలిపోయినా ఆలోచించాలి. మార్చాలనుకుంటే పాతదాన్ని వీధి తూకానికి వేయడం సరికాదు. గొట్టాలు కోసి గ్యాస్ గాల్లోకి వదిలేస్తారు. ఫ్రిజ్‌లు కూడా 2022 నాటి ఈ-వ్యర్థాల నిబంధనల కిందికే వస్తాయి. వాటిని కంపెనీ ఎక్స్ఛేంజికో, అనుమతి ఉన్న రీసైక్లింగ్ కేంద్రానికో ఇవ్వాలి.

అంతదాకా రాకుండా చూసుకోవడం మన చేతుల్లోనే ఉంది. ఫ్రిజ్ అడిగేది పెద్దగా ఏమీ లేదు. వెనక కాస్త గాలి, జాలీ మీద దుమ్ము లేకుండా ఒక తుడుపు, నిలకడైన కరెంటు. దాంతోపాటు ‘గ్యాస్ అయిపోయింది’ అన్నవాళ్లని ‘అయితే లీకు ఎక్కడ?’ అని ఎదురడిగే ఓ మనిషి!